విదేశీ నిధులతో నడిచే సంస్థ నిలబడుతుందా? లెక్కలు చూసి తేల్చుకోవడం ఎలా

"మా ఊళ్ళో పనిచేసే ఫారిన్ ఫండ్స్ సంస్థ ఉంటదా, పోతదా సార్?" మర్రిగూడ, మునుగోడు వైపు మహిళా సంఘాల లీడర్లు ఇదే అడుగుతున్నారు. అచ్చంపేటలో ఫీల్డ్ కోఆర్డినేటర్లుగా చేరిన పిల్లలు ఇదే అడుగుతున్నారు. జీతంలోంచి నెలకు ఐదొందలో వెయ్యో పంపే టీచర్లదీ ఇదే ప్రశ్న. 2025 జనవరి 20న అమెరికా ప్రభుత్వం విదేశీ అభివృద్ధి సాయాన్ని 90 రోజులు ఆపింది. ఆ జులై 1 నాటికి యూఎస్‌ఎయిడ్ అనే, ఆ సాయం పంచే సంస్థనే లేకుండా చేసి, మిగిలిన పనుల్ని తమ విదేశాంగ శాఖలో కలిపింది. అప్పటి నుంచి ఈ ప్రశ్న ఇంకా ఎక్కువైంది.

అందుకే పద్ధతి మొత్తం ఒకచోట రాస్తున్నాను. మీరు సీఏ చదివి ఉండనక్కర్లేదు. కూడిక, తీసివేత, భాగహారం వస్తే చాలు. రిపోర్టులన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి డిగ్రీ చదివే పిల్లలెవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి.

సంస్థకు ఎన్ని కోట్లు వచ్చాయో చూసి అది గట్టిగా ఉందనుకోవద్దు. ఆఫీసు ఖర్చు తక్కువగా చూపించిందని మంచి సంస్థ అనుకోవద్దు. తేలాల్సింది ఒక్కటే: దానికి అందరికంటే ఎక్కువ ఇచ్చే దాత రేపు చెయ్యి ఎత్తేస్తే, ఎన్ని నెలలు జీతాలిచ్చి పనులు నడపగలదు? కింద చెప్పేవన్నీ ఆ నెలల లెక్క తేల్చడానికే.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- సంస్థ పూర్తి రిజిస్టర్డ్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఎన్జీవో దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్) ఐడీ
- మన దేశంలోని సంస్థ మూడేళ్ళ ఆడిట్ రిపోర్టులు
- విదేశంలోని మాతృ సంస్థ మూడేళ్ళ వార్షిక లెక్కలు
- ఎఫ్‌సీఆర్‌ఏ సర్టిఫికెట్ (విదేశీ డబ్బు తీసుకోవడానికి కేంద్రం ఇచ్చే అనుమతి) కాపీ, కేంద్ర హోంశాఖకు ఏటా పంపే ఎఫ్‌సీ-4 రిటర్నులు
- మీ ఊరి పనికి సంబంధించిన ఒప్పంద పత్రం, అంటే ఎంవోయూ
- నోటుబుక్కు, కాలిక్యులేటరు

ఒక్క ఏడాది రిపోర్టుతో పని మొదలుపెట్టకండి. ఒక ఏడాది వరదలు గానీ కరోనా గానీ వచ్చి విరాళాలు పొంగుతాయి, మరుసటి ఏడాది పడిపోతాయి. మూడేళ్ళవి పక్కపక్కన పెడితేనే పోకడ కనిపిస్తుంది.

1. అసలు ఏ సంస్థ లెక్క చూడాలో తేల్చుకోండి

బోర్డు మీద ఒకే పేరు, ఒకే గుర్తు ఉన్నా వెనకాల రెండు మూడు సంస్థలు ఉంటాయి. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఒక మాతృ సంస్థ. హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో అదే పేరుకు "ఇండియా" తగిలించిన మరో సంస్థ. దేవరకొండలోనో నాగర్‌కర్నూల్‌లోనో పనిచేసే స్థానిక సంస్థ ఇంకొకటి. చట్టం దృష్టిలో ఇవి వేర్వేరు. పైన ఉన్నది కోట్లలో ఉన్నా, కింద ఉన్నది అప్పుల్లో ఉండొచ్చు.

మన దగ్గరి సంస్థ సొసైటీనా, ట్రస్టా, సెక్షన్ 8 కంపెనీయా (లాభాపేక్ష లేని కంపెనీ) అడగండి. సొసైటీ అయితే రికార్డు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంటుంది. సెక్షన్ 8 కంపెనీ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో 100 రూపాయలు కట్టి దాని లెక్కలు మీరే తెరిచి చూడొచ్చు. ట్రస్టు లెక్కలు ఇంత సులువుగా దొరకవు, వాళ్ళనే అడగాలి.

జాగ్రత్త: దగ్గరి దగ్గరి పేర్లు చాలా ఉంటాయి. "ఫౌండేషన్", "ట్రస్ట్", "సొసైటీ" అన్న చివరి మాట దగ్గరే తికమక పడతారు. రిజిస్ట్రేషన్ నంబరు కలిస్తేనే అదే సంస్థ.

2. అనుమతులు బతికి ఉన్నాయా చూడండి

విదేశీ డబ్బు తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఐదేళ్ళకే. సర్టిఫికెట్ మీద గడువు తేదీ చూసి నోటుబుక్కులో రాసుకోండి. మీ ఊరి ప్రాజెక్టు మూడేళ్ళదై, సర్టిఫికెట్‌కు ఏడాదే మిగిలి ఉంటే, "రెన్యువల్‌కు ఎప్పుడు పెట్టుకుంటున్నారు?" అని అడగాల్సిందే. ఇది చిన్న విషయం కాదు. ఆక్స్‌ఫామ్ ఇండియా అంతటి పెద్ద సంస్థకే 2021 డిసెంబరు చివర్లో రెన్యువల్ దొరకలేదు. 2022 జనవరి 1 నుంచి విదేశీ నిధులు ఆగిపోయాయి. డబ్బు ఇచ్చేవాళ్ళు సిద్ధంగా ఉన్నా తీసుకునే దారి మూసుకుపోయింది.

2020 సెప్టెంబరులో చట్టాన్ని సవరించారు. అందులో మూడు మార్పులు మన ప్రాంతానికి నేరుగా తగిలాయి.

ఒకటి, విదేశీ నిధి తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు పంచకూడదు. అంతకుముందు హైదరాబాద్‌లో పెద్ద సంస్థ డబ్బు తీసుకుని నల్లగొండ, పాలమూరు జిల్లాల్లోని చిన్న సంస్థలకు ఇచ్చేది. ఇప్పుడది కుదరదు. "ఫారిన్ డబ్బే, కానీ మాకు ఫలానా సంస్థ ద్వారా వస్తుంది" అని ఎవరైనా చెబితే అక్కడే ఆగి కాగితం అడగండి.

రెండు, విదేశీ విరాళం ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్‌లోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. అక్కడి నుంచి వాడకానికి స్థానిక బ్యాంకులో వేరే ఖాతాలు తెరుచుకోవచ్చు. అందులో దేశీయ విరాళాలు కలపకూడదు.

మూడు, పరిపాలనా ఖర్చు 50 శాతం దాకా ఉండొచ్చన్న హద్దును 20 శాతానికి తగ్గించారు. దీని సంగతి ఆరో మెట్టులో చెబుతాను.

సంస్థకు పన్ను మినహాయింపునిచ్చే 12ఏబీ, దాతకు మినహాయింపునిచ్చే 80జీ కాగితాలు కూడా చూడండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి కానీ, సంస్థల వాళ్ళను ఈ పాత పేర్లతో అడిగినా అర్థమవుతుంది. కంపెనీల సీఎస్‌ఆర్ డబ్బు (సామాజిక బాధ్యత కింద ఇచ్చేది) కూడా వస్తోందంటే సీఎస్‌ఆర్-1 నంబరు ఉండాలి.

3. మాతృ సంస్థ లెక్కలు దింపుకోండి

మనవాళ్ళు చాలామంది ఇది అసాధ్యం అనుకుంటారు. నిజానికి మన జిల్లాలోని సంస్థ లెక్కలకంటే ఇవే తొందరగా దొరుకుతాయి.

ఇంగ్లండ్, వేల్స్‌లో రిజిస్టరైన సంస్థ అయితే అక్కడి చారిటీ కమిషన్ రిజిస్టర్‌లో పేరు కొట్టండి. ఐదేళ్ళ ఆదాయ వ్యయాలు, పూర్తి లెక్కల పీడీఎఫ్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఆర్థిక సంవత్సరం ముగిసిన పది నెలల్లోపు లెక్కలు దాఖలు చేయాలి. ఆలస్యమైతే ఆ విషయం కూడా అక్కడే కనిపిస్తుంది. స్కాట్లండ్‌కు వేరే రిజిస్టర్ ఉంది, దీంట్లో దొరక్కపోతే అందులో చూడండి.

అమెరికా సంస్థ అయితే "ఫారం 990" అని వెతకండి. అక్కడి పన్ను శాఖకు ఏటా ఇచ్చే రిటర్ను అది, ఎవరైనా చూడొచ్చు. ప్రోపబ్లికా అనే అక్కడి వార్తా సంస్థ నడిపే నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్‌లో సులువుగా దొరుకుతుంది. అయితే చర్చీలకు ఈ ఫారం తప్పనిసరి కాదు. మాతృ సంస్థ చర్చిగా నమోదై ఉంటే అక్కడేమీ కనిపించదు. కనిపించలేదని తప్పు ఉందనుకోవద్దు, నేరుగా అడగండి.

రంగుల ఫోటోలతో వచ్చే వార్షిక నివేదిక చాలనుకోవద్దు. అందులో గుండ్రటి బొమ్మ వేసి "ప్రతి వంద రూపాయల్లో 88 పేదలకే" అని రాస్తారు. మనకు కావాల్సిన అంకె అందులో ఉండదు. ఆడిట్ చేసిన లెక్కల చివర్లో వచ్చే నోట్స్ ఉన్న పీడీఎఫ్ కావాలి.

4. చేతికింద డబ్బు ఎంతో లెక్క కట్టండి

ఈ మెట్టుకు ఎంత సమయం పట్టినా ఫర్వాలేదు, నిదానంగా చేయండి.

సంస్థ దగ్గర ఉన్న డబ్బంతా ఒకటే రకం కాదు. బ్యాలెన్స్ షీట్‌లో "నిధులు" అని ఉన్న చోట రెండు ముఖ్యమైన వరుసలు ఉంటాయి. ఒకటి, ఫలానా పనికే వాడాలని దాత కట్టడి పెట్టి ఇచ్చినది. ఇథియోపియాలో బావులకని ఇచ్చిన డబ్బుతో మునుగోడులో జీతాలివ్వడానికి వీల్లేదు. రెండోది, ఏ కట్టడీ లేకుండా ఇచ్చినది. దీన్ని ఏ అవసరానికైనా వాడుకోవచ్చు. కొన్ని సంస్థలకు మూడోది కూడా ఉంటుంది, అసలు ముట్టకుండా వడ్డీ మాత్రమే వాడుకోవాల్సిన కార్పస్.

చెరువు నిండా నీళ్ళున్నా తూము మన చేతిలో లేకపోతే మన పొలం ఎండుతుంది కదా, కట్టడి ఉన్న నిధులతో సంస్థ పరిస్థితి అలాంటిదే.

ఒక లెక్క చేసి చూపిస్తాను. అంకెలు కేవలం ఉదాహరణకు వేసినవి.

- మొత్తం నిధులు: 60 కోట్లు
- అందులో కట్టడి ఉన్నవి: 38 కోట్లు
- కార్పస్: 6 కోట్లు
- మిగిలింది, అంటే కట్టడి లేనిది: 16 కోట్లు

ఇక్కడితో ఆగి "పదహారు కోట్లున్నాయి, ఢోకా లేదు" అనేస్తారు. ఆగకండి. ఆ 16 కోట్లు ఏ రూపంలో ఉన్నాయో చూడండి.

- ఆఫీసు భవనం, వాహనాలు, కంప్యూటర్లు: 7 కోట్లు
- బోర్డు తానే ఒక పనికని పక్కన పెట్టుకున్నది: 3 కోట్లు
- మిగిలింది: 6 కోట్లు

భవనం అమ్మి జీతాలివ్వలేరు కాబట్టి దాన్ని తీసేశాం. బోర్డు పక్కన పెట్టినదాన్ని కావాలంటే బోర్డే తీర్మానం చేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ మనం గట్టిగా లెక్క కడుతున్నాం కాబట్టి అదీ తీసేశాం. అసలైన చేతికింద డబ్బు 6 కోట్లు.

ఇప్పుడు ఏడాది ఖర్చు చూడండి. మొత్తం 48 కోట్లు అనుకుందాం, అంటే నెలకు 4 కోట్లు. ఆరును నాలుగుతో భాగిస్తే నెలన్నర. అయితే 48 కోట్లలో సగం కట్టడి ఉన్న ప్రాజెక్టుల ఖర్చే అయితే దానికి ఆ దాతల డబ్బే వాడతారు. అప్పుడు సంస్థ సొంతంగా మోయాల్సింది నెలకు 2 కోట్లు, లెక్క మూడు నెలలకు వస్తుంది. రెండు అంకెలూ రాసుకోండి. మొదటిది అన్ని దారులూ మూసుకుపోతే ఏమవుతుందో చెబుతుంది. రెండోది మామూలు కష్టకాలం సంగతి చెబుతుంది.

ఎన్ని నెలలుంటే మంచిది? చట్టంలో ఒక అంకె లేదు. బ్రిటన్ చారిటీ కమిషన్ కూడా ఇంత ఉండాలని చెప్పదు. ఎంత ఉంచుకోవాలనుకుంటున్నారో, ఎందుకో వార్షిక నివేదికలో రాయమంటుంది. నా అంచనా చెబుతాను: రెండో లెక్కలో మూడు నెలలకు తగ్గితే జాగ్రత్త పడాలి. ఆరు నెలలుంటే ఊపిరి తీసుకోవచ్చు. రెండేళ్ళకు సరిపడా ఉంటే, అంత డబ్బు పనికి పెట్టకుండా ఎందుకు దాచారో అడగాలి.

ఇంకో పని చేయండి. నివేదికలో "రిజర్వ్స్ పాలసీ" (ఎంత నిల్వ ఉంచుకోవాలన్న విధానం) అన్న శీర్షిక వెతికి, వాళ్ళు పెట్టుకున్న లక్ష్యాన్ని, ఇప్పుడున్న మొత్తాన్ని పక్కపక్కన రాయండి. మూడేళ్ళుగా లక్ష్యం కిందే ఉంటే ఆ లక్ష్యం కాగితానికే పరిమితమైందని అర్థం.

రిజర్వు లేని సంస్థ ఎంత వేగంగా కూలుతుందో చూపడానికి లండన్‌లోని కిడ్స్ కంపెనీ ఒక ఉదాహరణ. పేద పిల్లల కోసం పనిచేసిన ప్రసిద్ధ సంస్థ, ప్రభుత్వం నుంచి ఏళ్ళ తరబడి పెద్ద మొత్తాలు వచ్చేవి. 2015 ఆగస్టులో, ప్రభుత్వం 30 లక్షల పౌండ్లు ఇచ్చిన కొద్ది రోజులకే మూతపడింది. వచ్చిన డబ్బు వచ్చినట్టే ఖర్చయిపోయేది, వెనక నిల్వ లేదు. దాని మీద నమ్మకం పెట్టుకున్న పిల్లలు ఒక్కసారిగా దిక్కులేనివాళ్ళయ్యారు.

5. డబ్బు ఎవరెవరి నుంచి వస్తోందో చూడండి

ఆదాయం నోట్స్‌లో వనరుల పట్టిక ఉంటుంది. అందులో అన్నిటికంటే పెద్ద అంకెను మొత్తం ఆదాయంతో భాగించండి. ఒకే దాత నుంచి మూడో వంతుకు మించి వస్తుంటే ఆ పేరు కింద గీత గీయండి.

ప్రభుత్వాల గ్రాంట్లు పెద్దవిగా ఉంటాయి, ఒక్క నిర్ణయంతో ఆగిపోతాయి. అమెరికా సంగతి చూశాం. బ్రిటన్ తన జాతీయాదాయంలో 0.7 శాతం విదేశీ సాయానికి ఇచ్చేది. 2021 నుంచి దాన్ని 0.5 చేసింది. 2027 నాటికి 0.3కు తగ్గిస్తామని 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. కాబట్టి బ్రిటిష్ ప్రభుత్వ గ్రాంటు మీద ఆధారపడ్డ సంస్థను "2027 తర్వాత ఎలా?" అని అడగడం మీ హక్కు.

చిన్న మొత్తాలు నెలనెలా పంపే వేలమంది దాతలు, వీలునామాలో రాసిపెట్టినవాళ్ళు, పాత వస్తువుల దుకాణాలు, ఇలాంటివి నెమ్మదిగా తగ్గుతాయి. నెమ్మదిగా తగ్గితే సర్దుకునే వ్యవధి ఉంటుంది. పిల్లల స్పాన్సర్‌షిప్ కూడా ఈ కోవలోదే, కాకపోతే స్పాన్సర్లకు వయసు మీద పడుతోంటే కొత్తవాళ్ళు చేరుతున్నారో లేదో చూడాలి.

మారకపు రేటు మర్చిపోవద్దు. గ్రాంటు పౌండ్లలోనో డాలర్లలోనో ఉంటుంది, జీతాలు రూపాయల్లో. రూపాయి పడితే మన ఆఫీసుకు కలిసొస్తుంది. దాన్ని చూసి "ఈ ఏడాది నిధులు పెరిగాయి" అనుకోకండి, విదేశీ కరెన్సీలో ఎంత వచ్చిందో అడగండి.

6. మన దేశంలోని లెక్కలు

ఎఫ్‌సీ-4 రిటర్ను ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోపు, అంటే డిసెంబరు 31లోగా వేయాలి. విదేశీ నిధుల ఆడిట్ లెక్కల్ని తమ వెబ్‌సైట్‌లో గానీ ప్రభుత్వం చెప్పిన సైట్‌లో గానీ అదే గడువులో పెట్టాలి. "అవి రహస్యం" అని ఎవరైనా అంటే, కావని మర్యాదగా చెప్పండి.

ఇందులో మూడు అంకెలు చాలు: ఏడాది మొదట్లో నిల్వ, ఏడాదిలో వచ్చింది, చివర్లో ఖర్చు కాకుండా మిగిలింది. మిగిలింది చాలా ఎక్కువగా ఉంటే పనులు ఆగాయేమో కనుక్కోండి. మిగిలింది సున్నాకు దగ్గరగా ఉంటే తర్వాతి విడత ఆలస్యమైనప్పుడు జీతాలు ఆగుతాయి. మార్చి నెలాఖరులో విడత వచ్చి ఏప్రిల్‌లో ఖర్చు కావడం మామూలే కాబట్టి, పెద్ద నిల్వ కనబడగానే అనుమానపడొద్దు, ఎప్పుడు వచ్చిందో అడగండి.

మన దగ్గరి సంస్థలకు రిజర్వు సన్నగా ఉండటానికి ఒక కారణం ఉంది. పన్ను మినహాయింపు కావాలంటే ఆ ఏడాది ఆదాయంలో 85 శాతం ధర్మకార్యాలకు ఖర్చు చేయాలి. పక్కన పెట్టాలంటే వేరే ఫారం, వేరే షరతులు. కాబట్టి మాతృ సంస్థతో పోల్చి ఇక్కడి సంస్థను తక్కువ చేయకండి. స్థానిక విరాళాలు, సీఎస్‌ఆర్, ప్రభుత్వ ప్రాజెక్టులు ఏమైనా ఉన్నాయా చూడండి. విదేశీ డబ్బు తప్ప మరే వనరూ లేని సంస్థకు ఒకే కాలు ఉన్నట్టు లెక్క.

ఇక పరిపాలనా ఖర్చు. ఎఫ్‌సీఆర్‌ఏ కింద 20 శాతం హద్దు. బోర్డు సభ్యుల ఖర్చులు, యాజమాన్య సిబ్బంది జీతాలు, ఆఫీసు అద్దె ఇందులోకి వస్తాయి. ఆసుపత్రి నడిపే సంస్థలో డాక్టరు జీతం, బడి నడిపే సంస్థలో టీచరు జీతం రావు. చాలామంది ఈ శాతం ఎంత తక్కువుంటే అంత మంచిదనుకుంటారు. నేను ఒప్పుకోను. లెక్కలు సరిగా రాసే అకౌంటెంటు, పని తనిఖీ చేసే మనిషి లేకుండా సంస్థ నడవదు. పరిపాలనా ఖర్చు మూడు శాతమే అని చెప్పే సంస్థలో ఆ పని ఎవరు చేస్తున్నారో, వాళ్ళ జీతం ఏ పద్దులో రాశారో అడగండి.

7. ఆడిటరు రాసిన మాటలు చదవండి

అంకెలు అర్థం కాకపోయినా ఈ రెండు పేజీలు వదలొద్దు. "గోయింగ్ కన్సర్న్" అన్న మాట ఎక్కడుందో వెతకండి. సంస్థ రాబోయే ఏడాది నడవగలదా అన్నది అక్కడ చెబుతారు. దాని పక్కన "మెటీరియల్ అన్‌సర్టెన్టీ" అని ఉంటే మూతపడే ప్రమాదం ఉందని ఆడిటరే రాతపూర్వకంగా చెబుతున్నట్టు. "క్వాలిఫైడ్ ఒపీనియన్" అంటే ఆడిటరుకు కొన్ని విషయాల్లో అభ్యంతరం ఉందని అర్థం. మెచ్చుకోలు కాదు. ఈ మాట దగ్గర పొరబడేవాళ్ళు చాలామంది. ఆడిటరు తరచూ మారుతున్నా, లెక్కలు ఏటా ఆలస్యమవుతున్నా రాసిపెట్టుకోండి.

8. ఊళ్ళో తనిఖీ

కాగితాల్లో కనిపించని విషయాలు ఊళ్ళో ముందుగా తెలుస్తాయి. ఫీల్డ్ స్టాఫ్‌కు జీతం ఏ తేదీన పడుతోంది? పీఎఫ్ కడుతున్నారా? ఉద్యోగి తన పీఎఫ్ పాస్‌బుక్‌ను ఉమంగ్ యాప్‌లో తెరిచి నెలవారీగా చూసుకోవచ్చు. జీతంలో కోత పడి పాస్‌బుక్‌లో జమ కాకపోతే సంస్థ ఇబ్బందుల్లో ఉన్నట్టే. ఆఫీసు ఇంటి ఓనరుకు అద్దె, జీపు డ్రైవరుకు కిరాయి, స్టేషనరీ షాపుకు బాకీ సంగతులు కూడా కనుక్కోండి.

మీ ఊళ్ళో సంస్థ పెట్టిన నీళ్ళ ప్లాంటు ఉంటే దాని దగ్గరికెళ్ళి చూడండి. మర్రిగూడ, చండూరు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ వల్ల ఇలాంటివి చాలా వచ్చాయి. గోడ మీద దాత పేరున్న రేకు కాదు, లోపల ఆపరేటరు రాసే రిజిస్టరు అడగండి. ఉదాహరణకు రోజుకు 150 క్యాన్లు, క్యాను 5 రూపాయలు అనుకుంటే నెలకు 22,500. ఆపరేటరుకు 8,000, కరెంటు 6,000, ఫిల్టర్లు, కెమికల్స్ 2,500 పోతే మిగిలేది 6,000. మెంబ్రేన్ (నీళ్ళు వడకట్టే పొర) మార్చాలన్నా మోటారు కాలినా ఆ ఆరు వేలే ఆధారం. అవి ఎవరి ఖాతాలో పడుతున్నాయి? వీవో (ఊరి మహిళా సంఘాల సమాఖ్య) ఖాతాలోనా, పంచాయతీ ఖాతాలోనా, సంస్థ ఖాతాలోనా? విడిగా ఖాతా లేకపోతే, సంస్థ వెళ్ళిన తర్వాత మొదటి రిపేరుకే ప్లాంటుకు తాళం పడుతుంది.

ప్లాంటు, జీపు, భవనం ఎవరి పేరున ఉన్నాయన్నది ఇంకా ముఖ్యం. ఎఫ్‌సీఆర్‌ఏ సర్టిఫికెట్ రద్దయినా సంస్థ దాన్ని తిరిగి అప్పగించినా, విదేశీ నిధి, దాంతో సమకూర్చిన ఆస్తులు చట్టంలోని సెక్షన్ 15 ప్రకారం ప్రభుత్వం నియమించిన అధికారి అధీనంలోకి వెళ్తాయి. ప్రాజెక్టు నడుస్తున్నప్పుడే పంచాయతీకి అప్పగింత ఎలా, ఎప్పుడు అన్నది ఒప్పందంలో రాయించుకోండి.

9. ఉత్తరం రాసి అడగండి

ఫోనులో అడిగితే "అంతా బాగానే ఉందన్నా" అంటారు. కాగితం మీద అడిగితే కాగితం మీద జవాబు వస్తుంది. ఇలా రాయొచ్చు:

"గౌరవనీయులైన డైరెక్టర్ గారికి నమస్కారాలు. మా గ్రామంలో మీ సంస్థ చేస్తున్న పని వల్ల మాకు మేలు జరుగుతోంది. ఆ పని నిలబడాలన్న ఉద్దేశంతో ఈ వివరాలు కోరుతున్నాం. మా గ్రామం పనికి నిధి ఇస్తున్న దాత ఎవరు? ఆ గ్రాంటు ఏ తేదీతో ముగుస్తుంది? తర్వాతి గ్రాంటుకు రాతపూర్వక హామీ ఉందా? మీ ఎఫ్‌సీఆర్‌ఏ గడువు ఎప్పటివరకు ఉంది? గత మూడేళ్ళ ఆడిట్ లెక్కలు, ఎఫ్‌సీ-4 కాపీలు ఇవ్వగలరా? నిధి ఆగితే పనిని ఎవరికి, ఎలా అప్పగిస్తారు? మీ జవాబును గ్రామసభలో చదివి వినిపిస్తాం. ఇట్లు..."

సర్పంచ్ సంతకం, వీవో అధ్యక్షురాలి సంతకం రెండూ పెట్టండి. మంచి సంస్థ ఈ ఉత్తరానికి నొచ్చుకోదు. అడిగినవన్నీ వాళ్ళ దాతలు ఏటా అడిగేవే.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

కొత్త జీపులు, పెద్ద మీటింగు చూసి సంస్థ గట్టిగా ఉందనుకోవడం ఒకటి. ఆ జీపు కట్టడి ఉన్న గ్రాంటుతో కొన్నదై ఉండొచ్చు. ఒక ఏడాది లోటు చూసి కంగారుపడటం ఇంకొకటి. నిరుడు వచ్చిన గ్రాంటును ఈ ఏడు ఖర్చు పెడితే లెక్కల్లో లోటే కనిపిస్తుంది. వరసగా మూడేళ్ళు కట్టడి లేని నిధిలో లోటు వస్తేనే అది జబ్బు. మంజూరైన గ్రాంటును చేతికొచ్చిన డబ్బుగా లెక్కేయడం మరో పొరపాటు. విడతలు మధ్యలో ఆగడం 2025లో అందరం చూశాం.

మీ లెక్క సరిగా వచ్చిందా?

మాతృ సంస్థ నోట్స్‌లో ఇండియాకు పంపినట్టు ఉన్న మొత్తం, ఇక్కడి ఎఫ్‌సీ-4లో వచ్చినట్టు ఉన్న మొత్తం దగ్గర దగ్గరగా కలవాలి. అచ్చంగా కలవవు. అక్కడి ఆర్థిక సంవత్సరం జనవరితో మొదలుకావచ్చు, మనది ఏప్రిల్. మారకపు రేటు తేడా కూడా ఉంటుంది. రెండు మూడేళ్ళు కలిపి చూసినా సగానికి సగం తేడా ఉంటే అడగాల్సిందే. అమెరికా సంస్థ అయితే ఫారం 990లోని షెడ్యూల్ ఎఫ్‌లో దేశం పేరు ఉండదు, "దక్షిణాసియా" అని మాత్రమే ఉంటుంది. అక్కడ కలపడానికి ప్రయత్నించి సమయం పోగొట్టుకోకండి, ఆడిట్ నోట్స్ చూడండి.

నాలుగో మెట్టు లెక్కను ఇంకొకరి చేత, మీ కాగితం చూపించకుండా, మళ్ళీ చేయించండి. ఇద్దరికీ నెలల అంకె ఒకటే వస్తే సరి.

బలహీనంగా ఉందని తేలితే

ఊళ్ళో ప్రచారం చేయకండి. పుకారు వల్ల స్టాఫ్ వెళ్ళిపోతే ఉన్న పనీ ఆగుతుంది. సంస్థ వాళ్ళతో కూర్చుని అప్పగింత ప్రణాళిక అడగండి: రిపేర్ల నిధికి విడి ఖాతా, ఇద్దరు స్థానికులకు శిక్షణ, పంచాయతీ తీర్మానం. బడి, ఆరోగ్య పనులైతే సంబంధిత శాఖ అధికారిని ముందే పరిచయం చేసుకోండి.

మీరు ఉద్యోగి అయితే పీఎఫ్ కేవైసీ పూర్తి చేసుకుని, అనుభవ పత్రం, మూడు నెలల పే స్లిప్పులు దగ్గర పెట్టుకోండి. ప్రాజెక్టు తేదీ కంటే మీ కాంట్రాక్టు తేదీ తర్వాత ఉంటే తేడా ఎవరు భరిస్తారో అడగండి.

మీరు దాత అయితే ఇవ్వడం మానకండి. ఏ కట్టడీ పెట్టకుండా ఇవ్వండి, ఇలాంటి సంస్థకు అన్నిటికంటే పనికొచ్చేది ఆ డబ్బే. రెండు వేలు దాటితే నగదు వద్దు, దానికి 80జీ మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు ఈ మినహాయింపు అసలే లేదు. పాత విధానంలో ఉంటే సంస్థ నుంచి విరాళం సర్టిఫికెట్ తీసుకోవడం మర్చిపోవద్దు.

ఈ తనిఖీని ఏటా జనవరిలో మళ్ళీ చేయండి. డిసెంబరు 31 గడువు దాటి ఉంటుంది కాబట్టి కొత్త ఎఫ్‌సీ-4 దొరుకుతుంది. మార్చితో ఏడాది ముగించే బ్రిటిష్ సంస్థలు లెక్కలు దాఖలు చేయాల్సిన ఆఖరు నెల కూడా జనవరే.